నూతి నీళ్ళ తీర్థం

మా వైపు ఇప్పుడు ఎవర్ని కదిపినా వాతావరణం గురించి చెప్తారు. ఏలూరులో కైకలూరు బస్సెక్కి కూర్చుంటే చాలు, టిక్కెట్టు కొట్టేలోపు మొదలవుతుంది. "ఏం ఎండలండీ ఇవి, మాఘమాసంలోనే నెత్తి మాడిపోతోంది" అని ముందు సీటాయన అంటాడు. "ఎండలదేముందండీ, వానలు చూడండి. పడితే ఊరు ముంచేసేలా పడతాయి, లేకపోతే చుక్క ఉండదు" అని పక్కావిడ అందుకుంటుంది. కండక్టరు కూడా చిల్లర ఇస్తూ, ఒకప్పుడు ధనుర్మాసంలో దుప్పటి కప్పుకుని డ్యూటీకి వచ్చేవాళ్ళమండీ అని తన వంతు చెప్తాడు. నేను హైస్కూలులో సోషల్ చెప్తాను. భూమి వేడెక్కుతోందని పిల్లలకి పాఠం చెప్పక్కర్లేదిప్పుడు, వాళ్ళు ఇంట్లోనే వినొస్తున్నారు. ప్రజలకి అవగాహన లేదు అని ఎవరైనా సభల్లో అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అవగాహన లేకపోవడమేమిటి, బస్సు నిండా ఉంటేనూ.

కాకపోతే ఒకటి గమనించాను. "కాలం మారిపోయిందండీ" అనడంలో ఒక సుఖం ఉంది. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఏలూరు దాటి కొల్లేరులోకి దిగాక రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. నీళ్ళలో చేపలకి గాలి కొట్టే చక్రాలు తిరుగుతుంటాయి, మేతకి వేసే పులిసిన తవుడు వాసన కిటికీలోంచి గుప్పుమని కొడుతుంది. అందరూ పైట చెంగో తువ్వాలో ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. పెట్టుకునే ఎండల గురించి మాట్లాడుతూ ఉంటారు. వాసన గురించి ఎవరూ మాట్లాడరు. బస్సులో సగం మందికి ఆ చెరువుల్లో వాటా ఉంటుంది, తక్కిన సగం మందికి వాటా ఉన్న చుట్టాలుంటారు.

మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉన్న ఒక ఊళ్ళో నా తమ్ముడు శివాలయం అర్చకుడు. మా నాన్న అర్చకత్వం చేసిన గుడే. నాన్న పోయాక నేను ఉద్యోగం, పెళ్ళి అంటూ ఏలూరులో స్థిరపడ్డాను, వాడు గుడి పట్టుకుని అక్కడే ఉన్నాడు. వాడికి ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల నా దగ్గరే ఉండి ఇంటర్ చదువుతోంది, చిన్నాడు ఆ ఊరి బడిలోనే. మా చిన్నతనంలో గుడి గోడ ఎక్కి చూస్తే కనిపించినంత మేరా వరి. ఇప్పుడు గుడికి మూడు పక్కలా చెరువు గట్లే, నాలుగో పక్క రోడ్డు. గుడి మాన్యం కూడా చెరువైంది. దాని కౌలు మీదే గుళ్ళో దీపం వెలుగుతోంది, వాడి ఇల్లు నడుస్తోంది. కాబట్టి ఎవర్నో వేలెత్తి చూపించే వాళ్ళం మేము కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

గుడి ఆవరణలో ఒక నుయ్యి ఉంది. తెల్లారగట్ల తడిబట్టతో మడి నీళ్ళు తోడి, ఆ నీళ్ళతోనే స్వామికి అభిషేకం. ఆ అభిషేకం నీళ్ళే తీర్థం. వేరే నీళ్ళు వాడడం మా ఇంటావంటా లేదు. నాన్న రోజుల్లో ఆ నూతి నీళ్ళతో కందిపప్పు పెడితే చిటికెలో మెత్తగా ఉడికిపోయేది, చుట్టాలు బిందెలతో పట్టుకెళ్ళేవారు. చెరువులు చుట్టుముట్టిన తర్వాత పప్పు ఉడకడం మానేసింది. ఆ తర్వాత నీళ్ళు ఒక రాత్రి ఉంటే రాగిబిందె అంచున తెల్లటి చార కట్టడం మొదలైంది. కొన్నాళ్ళకి వాసన వచ్చింది. చెప్పుకోదగ్గ వాసన కాదు, తడి గోనెసంచి మూల పడేస్తే వస్తుందే, అలాంటిది. ఆ ఏడాదే ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు పెట్టారు. ఇంటింటికీ నీలం టిన్నులు వచ్చేశాయి. మా మరదలు కూడా వంటకీ తాగడానికీ టిన్ను నీళ్ళే వాడుతోంది. నూతి నీళ్ళు స్వామికి మాత్రమే మిగిలాయి.

ప్లాంటు పెట్టినాయన ఊళ్ళో అందరికంటే ఎక్కువ చెరువులున్నాయన. మాన్యం కౌలుకి తీసుకున్నదీ ఆయనే. మనిషి చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. ఎంత మంచివాడంటే, మా నాన్న పోయిన రోజు మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచొచ్చి పాడె మోశాడు. గుడికి గేటు పెట్టించాడు, మండపంలో ఫ్యాన్లు పెట్టించాడు. నేనెప్పుడు కనిపించినా చేతులు కట్టుకుని, "టీచరుగారండీ, బాగున్నారాండీ, పాప బాగా చదువుతోందాండీ" అని అడుగుతాడు. అలాంటాయన మీద కోపం తెచ్చుకోవాలంటే నాలాంటి కోపిష్టిదానికి కూడా కూడదీసుకోవాల్సి వస్తుంది.

కార్తీకమాసంలో ఒక సోమవారం బడికి సెలవు పెట్టి వెళ్ళాను. గుడి కిటకిటలాడుతోంది. నేను మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. తమ్ముడు పంచపాత్ర పట్టుకుని వరసలో వచ్చేవాళ్ళకి తీర్థం ఇస్తున్నాడు. అకాల మరణం తప్పిస్తుంది, సర్వ రోగాలూ పోగొడుతుంది అని అర్థం వచ్చే శ్లోకం చదువుతూ, ఉద్ధరిణితో ఒక్కొక్కరి అరచేతిలో పోస్తున్నాడు. శ్లోకం చదివేటప్పుడు వాడు కళ్ళు దించుకుంటాడు, నాన్నకీ అదే అలవాటు. నాకు కళ్ళు దించుకునే అలవాటు లేదు. బడిలో నులిపురుగుల మాత్రలు మింగించే రోజున ఎవడు మింగాడో ఎవడు నాలిక కింద దాచాడో చూసి చూసి నాకు పిల్లల గొంతులు కదలడం కూడా తెలిసిపోతుంది. వరసలో మొదటి మనిషి చెయ్యి నోటిదాకా తీసుకెళ్ళాడు, గొంతు కదల్లేదు. చెయ్యి అలాగే పైకి వెళ్ళి నెత్తి మీద రాసుకుంది. తర్వాతావిడా అంతే. ఆ తర్వాత తల్లి చంకలో పిల్లాడు నోరు తెరిస్తే తల్లి వాడి పెదాలు రెండు వేళ్ళతో మూసి, తడి చెయ్యి వాడి జుట్టుకి రాసింది. వరస అయ్యేదాకా చూశాను. అంత మందిలో ఒక్కరూ తాగలేదు. ఒకర్ని చూసి ఒకరు చేస్తున్నట్టు కూడా లేదు, ఎప్పట్నించో అలవాటైన పనిలా చేస్తున్నారు. చాలామంది ఉద్ధరిణి వంచుతుండగానే "కొంచెం చాలండి పంతులుగారండీ" అంటున్నారు.

ఆ నీళ్ళ గురించి ఊరి అభిప్రాయం ఏమిటో నాకు అక్కడే అర్థమైపోయింది.

ఆ సాయంత్రం తమ్ముడితో అన్నాను. వాడు నమ్మలేదు.

"నువ్వూ నీ అనుమానాలూనూ. అందరూ చెయ్యి నోటి దగ్గర పెట్టుకుంటున్నారు, నాకు కనపడదా అక్కా?"

"నోటి దగ్గర పెట్టుకుంటున్నారురా. నోట్లో పోసుకోవట్లేదు."

"భక్తి తగ్గింది, ఒప్పుకుంటాను. కొంచెం చాలు అంటున్నారు, నిజమే. అంతేగానీ తీర్థం పుచ్చుకోకుండా ఎవరుంటారు? ఊళ్ళోవాళ్ళ మీద అలా నిందలేయకు, బాగుండదు."

నేను రెట్టించలేదు. తాగకపోతే మంచిదేలే అనుకున్నాను. అప్పటికి నా బుర్రలో ఉన్నది ఊరివాళ్ళే.

సంక్రాంతి వెళ్ళాక వాడికి ఒంట్లో బాగుండడం లేదని ఫోనొచ్చింది. పాదాలకి నీరు పడుతోంది, ఒళ్ళంతా దురద, అన్నం దగ్గర కూర్చుంటే వికారం. ఏలూరు తీసుకొచ్చి చూపించాం. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, కిడ్నీలు బాగా నీరసించాయండీ అన్నాడు. ఏ నీళ్ళు తాగుతారు అని అడిగాడు. మా మరదలు వెంటనే, "టిన్ను నీళ్ళేనండీ, వంటకి కూడా అవేనండీ" అంది. అబద్ధం కాదు. తమ్ముడు తలూపాడు. వాడూ అబద్ధం ఆడలేదు, తీర్థాన్ని వాడు నీళ్ళ లెక్కలో వేసుకోడు. ఉప్పు మానేయమని, మందులిచ్చి పంపించాడు డాక్టరు. మందులు వాడుతున్నా వాపు తగ్గలేదు. మనిషి వారం వారం నల్లబడిపోతున్నాడు. నలభై దాటిన మనిషి మా నాన్న ఆఖరి రోజుల్లో నడిచినట్టు గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

శివరాత్రికి సాయంగా ఉందామని ముందురోజే వెళ్ళాను. పెరట్లో తులసికోట దగ్గర మరదలు దీపం పెడుతోంది. తులసి పచ్చగా, గుబురుగా ఉంది. నాకు ఆశ్చర్యమేసింది. అంతకు ముందు వెళ్ళినప్పుడల్లా ఆ కోటలో ఎండు పుల్లే కనిపించేది. ఎన్ని మొక్కలు తెచ్చి వేసినా మాడిపోతున్నాయని మరదలు బాధపడుతుండేది. ఇంట్లో తులసి బతక్కపోవడం మంచిది కాదని భయపడేది కూడా.

"ఇదెలా బతికిందే?" అన్నాను.

"ఇప్పుడు బాగానే ఉంటోందండీ వదినగారూ. మీ తమ్ముడుగారు మిగిలిన తీర్థం ఇందులో పోసేవారు కదండీ. అందుకే మాడుతోందేమోనని నాకు అనుమానమేసి చెప్పానండీ. పోయడం మానేశారు. అప్పట్నించీ చిగురేసింది."

ఆ మాట విని నేను రెండడుగులు వేశాను, ఆగిపోయాను. తీర్థం నేల మీద పారబొయ్యకూడదు, కాలికింద పడకూడదు. మిగిలితే తులసిలో పొయ్యాలి, లేదా అర్చకుడు పుచ్చుకోవాలి. మా ఇంట్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి ఇది. జనం కొంచెం చాలు, కొంచెం చాలు అంటుంటే రోజూ పాత్రలో ఎంత మిగులుతుందో నేను కార్తీకంలో చూశాను.

"మరి ఇప్పుడా తీర్థం ఏం చేస్తున్నాడు?" అన్నాను.

మరదలు చేతిలో అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలింది. ఆవిడ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. ఇద్దరం గబగబా గుళ్ళోకి వెళ్ళాం.

వాడు దాచలేదు. దాచాల్సిన విషయం అనుకోలేదు కూడా. "ఎలాగూ రోజూ పుచ్చుకునేదే, ఇప్పుడు మిగిలింది కూడా నేనే పుచ్చుకుంటున్నాను. రెండు పూటలా మిగులుతోంది. తులసి మాడిపోతోంది అని నీ మరదలే కదా చెప్పింది. నేల మీద పొయ్యలేను. ఇంకేం చెయ్యను?"

"ఒరేయ్, మొక్క చచ్చిపోతోందని నువ్వు తాగావురా?"

"అరవకు అక్కా, గర్భగుడి. ఊరంతా పుచ్చుకుంటున్నారు. వాళ్ళకి లేనిది నాకేంటి? నాకొచ్చింది వేరే జబ్బు. తీర్థం వల్ల జబ్బు చేసిందని అర్చకుడే అంటే, ఇంక ఈ గుడికి ఎవరొస్తారు?"

నేను ఏడ్చాను. తిట్టాను. నా మీద ఒట్టు పెట్టాను. వాడు మా నాన్న కంటే మొండివాడు. ఊరు తాగుతోంది గనక తను తాగుతాడు, అదీ వాడి లెక్క. ఊరు తాగడం లేదని వాడి చేత ఒప్పించగలిగితే చాలు, వాడు బతుకుతాడు. కానీ ఆ మాట నేను చెప్తే లాభం లేదు. ఊరే చెప్పాలి. మర్నాడు ఉపవాసాల మధ్య ఒకరిద్దర్ని పక్కకి పిలిచి, మీరు తాగడం లేదని మా తమ్ముడితో ఒక్క మాట చెప్పండి అని బతిమాలాను. "అయ్యో, తీర్థం పుచ్చుకోకపోవడమేంటండీ టీచరుగారూ" అని ఎంత మర్యాదగా అన్నారంటే, నా కళ్ళే మోసం చేశాయేమోనని నాకే ఒక క్షణం అనిపించింది.

వేసవి సెలవులు ఇవ్వగానే నేను తమ్ముడింట్లోనే మకాం పెట్టాను. వాడు గుళ్ళోకి వెళ్తే వెనకాల వెళ్ళేదాన్ని. పాత్ర లాక్కోవాలని చూసేదాన్ని. మడిలో ఉన్నాను ముట్టుకోకు అనేవాడు. ఆ నెలలో ఎండ మామూలుగా లేదు. చెరువుల్లో నీళ్ళు మరిగినట్టయి, ఒక ఉదయం గట్టు పొడుగునా చేపలు తెల్లటి పొట్టలు తిప్పి తేలాయి. ఊరంతా అటు పరుగెత్తింది. కాకులూ కొంగలూ రెండు రోజులు గుడి మీంచి కదల్లేదు. చచ్చిన చేపల్ని గట్టుకి అవతల గోతులు తీసి కప్పెట్టారు. ఆ గోతులకీ మా నూతికీ మధ్య ప్రహరీగోడ ఒకటే అడ్డం.

అది జరిగిన కొన్నాళ్ళకి తాడేపల్లిగూడెం నుంచి ఇంజనీరింగ్ చదివే పిల్లలు నలుగురైదుగురు వచ్చారు. వాతావరణ మార్పుల మీద కొల్లేటి ఊళ్ళలో ప్రజల అభిప్రాయం తెలుసుకుంటున్నారట. ఎండ చల్లబడ్డాక గుడి మండపంలో, ఫ్యాన్ల కింద, ఊరివాళ్ళు చాలామంది చేరారు. చెరువులాయన పిల్లలకి కుర్చీలు వేయించి, మజ్జిగ తెప్పించాడు. వాళ్ళలో చలాకీగా ఉన్న ఒక అమ్మాయి ఫోన్ ముందు పెట్టి, వాతావరణం మారిందని మీరు అనుకుంటున్నారా అండీ అని అడిగింది.

ఇంక చూడాలి. ఒకరి మాట ఒకరు అందుకున్నారు. ఎండల్లో సముద్రపు నీళ్ళు ఉప్పుటేరు మీంచి ఎంత లోపలికి ఎగదన్నుతున్నాయో ఒకాయన చెప్పాడు. మంచు పట్టడం మానేసిందని ఇంకొకాయన. గూడకొంగలు రావలసిన నెలలో రావడం లేదని ఒకావిడ. పెద్ద దేశాలవాళ్ళ పొగ వల్ల మనం మాడిపోతున్నామని ఒక కుర్రాడు గట్టిగా అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. నా క్లాసులో ఇంత బాగా ఎవరూ జవాబు చెప్పరు.

"మీ ఊళ్ళో నూతి నీళ్ళు, బోరు నీళ్ళు ఎలా ఉన్నాయండీ?" అంది.

చెరువులాయన కండువా సర్దుకుని, "బాగానే ఉంటాయమ్మా. తాతల నాటి నుంచీ ఈ నీళ్ళే కదండీ" అన్నాడు. "అవునండీ, బాగానే ఉంటాయండీ" అని నాలుగైదు గొంతులు. ఒకాయన మాత్రం, కొంచెం చప్పదనం తగ్గిందండీ అంతే అని నవ్వాడు.

నేను ఊరుకోలేకపోయాను. "మరి ఇంటింటికీ ఆ నీలం టిన్నులెందుకండీ?" అన్నాను.

చెరువులాయన నా వైపు తిరిగి, ఎప్పటిలాగే చేతులు కట్టుకున్నాడు. "సుఖం మరిగామండీ టీచరుగారూ. ఏలూరులో మీ ఇంట్లో మాత్రం టిన్ను రాదాండీ?"

వస్తుంది. కోపంగానే కూర్చుండిపోయాను.

అదే సమయానికి సాయంత్రం పూజ ముగించుకుని తమ్ముడు పంచపాత్రతో బయటికొచ్చాడు. మెల్లగా, గడప పట్టుకుని దిగాడు. వచ్చిన పిల్లలకి ముందు ఇవ్వడం మర్యాద గనక ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, కళ్ళు దించుకుని శ్లోకం మొదలుపెట్టాడు. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి, చున్నీ సర్దుకుని, చెయ్యి గుంట చేసి చాపింది. పాపం దప్పికో భక్తో, "కొంచెం ఎక్కువ పొయ్యండి పంతులుగారూ" అంది. తమ్ముడి మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను. రెండు ఉద్ధరిణిలు పోశాడు.

మండపంలో అందరి కళ్ళూ ఆ చేతి మీదే. తల్లులున్నారు, తండ్రులున్నారు, మర్యాదస్తులు. నేను లేవబోయాను. ఆ పిల్ల చెయ్యి నోటికి తాకింది.

"తాగకమ్మా."

అన్నది చెరువులాయన తల్లి. రోజూ పొద్దున్నే అందరికంటే ముందు గుడికి వచ్చే ముసలావిడ. మెట్టు మీద కూర్చున్నది లేచి, ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కిందికి దించింది. "తాగకూడదమ్మా, నెత్తిన రాసుకో. మేవందరం అంతే" అంది.

తమ్ముడు శ్లోకం మధ్యలో ఆపేశాడు. కళ్ళెత్తాడు. ముసలావిడని చూశాడు, తర్వాత మండపంలో ఒక్కొక్కరినీ చూశాడు. ఎవరూ వాడి కళ్ళలోకి చూడలేదు.

"అయితే మీరెవరూ పుచ్చుకోవట్లేదాండీ?" అని అడిగాడు.

"ఎలా పుచ్చుకుంటామండీ పంతులుగారండీ" అంది ఆవిడ, చాలా నెమ్మదిగా, తప్పు చేసిన మనిషికి నచ్చజెప్తున్నట్టు. "పిల్లలూ మనవలూ ఉన్నవాళ్ళం కదండీ."

"నేను పుచ్చుకుంటున్నానని తెలుసాండీ మీకు?"

ఆవిడ కొడుకు వైపు చూసింది. "తెలుసండీ. మీరు మంత్రం చదువుతారు కదండీ. మీకేం కాదనుకున్నామండీ."

గర్భగుడి పక్కన పువ్వుల సజ్జతో నిలబడ్డ మా మరదలు ముందుకొచ్చింది. ఆ గుళ్ళో ఆవిడ మగవాళ్ళ ఎదురుగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. గొంతు పెంచలేదు. "మా ఇంట్లోనూ పిల్లలున్నారండీ" అంది.

కాలేజీ పిల్ల తడి చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలా చాపుకునే నిలబడింది. తమ్ముడు మెట్టు మీద కూలబడ్డాడు. చెరువులాయన పరుగున వచ్చి భుజం పట్టుకున్నాడు, ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. "రేపట్నించి స్వామికి కూడా టిన్ను పంపిస్తానండీ. ముందే అనుకోవాల్సిందండీ" అన్నాడు. అంత సేపూ బిగుసుకుపోయిన జనానికి ఊపిరి తిరిగింది. "అవునండీ, అదే మంచిదండీ" అని అందరూ ఒక్కమాట మీద తేల్చేశారు. నుయ్యి ఎందుకు చెడిందో మాత్రం ఎవరి నోటా రాలేదు. నాకూ ఆ వేళ అడిగే ఓపిక లేకపోయింది. వాడు ఇంక ఆ నీళ్ళు తాగడు, అంతే చాలు అనుకున్నాను. ఫోన్‌లో రికార్డయినదంతా ఆ పిల్లలు తీసుకెళ్ళారు. నూతి నీళ్ళ ప్రశ్న దగ్గర ఏమి రాసుకున్నారో నాకు తెలియదు.

తమ్ముడు మానేశాడు. నూతి మీద సిమెంటు పలక వేశారు. స్వామికి టిన్ను నీళ్ళే. "ఆయన ఏ నీళ్ళయినా పుచ్చుకుంటాడులే" అని ఒక్కసారి అన్నాడు తమ్ముడు, తర్వాత ఆ ప్రస్తావన తేలేదు. చెరువులాయన తన కారులో వాడిని ఏలూరు ఆసుపత్రికి తీసుకొస్తున్నాడు, తీసుకెళ్తున్నాడు. బయట వరండాలో గంటలు గంటలు కూర్చుంటాడు, కాఫీ కూడా తాగడు. ఆ కారు లేకపోతే వాడి వైద్యం ఏమయ్యేదో నాకు తెలియదు. పోయిన భాగం తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నాడు డాక్టరు. ఉప్పు పూర్తిగా మానాలి, శుభ్రమైన నీళ్ళు కొలిచి తాగాలి. అంతకంటే ఇంకేమీ లేదన్నాడు.

వానాకాలం మొదలయ్యాక, నేను బడికి బయల్దేరుతుంటే మరదలు ఫోన్ చేసింది. ఊళ్ళో ముసురు, గట్లు నానిపోయాయి అని అదీ ఇదీ చెప్పింది. చెప్పాల్సింది వేరే ఉన్నప్పుడు ఆవిడ అలాగే మాట్లాడుతుంది.

"ఏమయిందే?" అన్నాను.

"ఏం లేదండీ వదినగారూ. టిన్ను నీళ్ళు... ఈమధ్య కొంచెం ఉప్పగా ఉంటున్నాయండీ. నాకేననుకున్నాను. చిన్నాడు కూడా అంటున్నాడండీ. ప్లాంటు బోరు చెరువు గట్టు పక్కనే కదండీ."

గొడుగు పక్కన పెట్టేశాను. "తమ్ముడు తాగుతున్నాడా?"

"తాగుతున్నారండీ. ఆయనకి తెలియట్లేదండీ. చప్పిడి తిని తిని, మందులకి నోరు పోయింది కదండీ. ఉప్పు తెలియట్లేదు ఆయనకి."

"మీ చెరువులాయనతో చెప్పావా?"

"ఎలా చెప్తామండీ" అంది మా మరదలు. "సోమవారం మళ్ళీ వాళ్ళ కారులోనే ఆసుపత్రికి వెళ్ళాలి కదండీ. మీరు కూడా ఎవరితోనూ అనకండి."